నెల్లూరుకు కావలసింది ఆకుల వామి

ఫాల్గుణం వచ్చేసరికి నెల్లూరులో వేపచెట్లు ఆకు రాలుస్తాయి. తెల్లవారకముందే వీధి ఊడ్చేవారు వచ్చి, రాలిన ఆకును రోడ్డు వారన కుప్పలు పోస్తారు. బండి వచ్చి ఎత్తుకుపోయేలోపు ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఎనిమిది నెలల తర్వాత, కార్తీక మాసపు ముసురులో, అదే వీధిలో మిద్దెతోట పెంచుకునే ఇంటివారు కంపోస్టు డ్రమ్ము మూత తీసి ముక్కు మూసుకుంటారు. కూరగాయల తొక్కలు, ఎండిపోయేలోపే పీకేసిన బీరతీగలు, ముదిరిన తోటకూర కాడలు అడుగున నల్లటి జావగా దిగి ఉంటాయి. డ్రమ్ము అమ్మినవారిని తిట్టుకుంటారు, లేదా వాన మీద నెపం వేస్తారు. నిజానికి ఆ డ్రమ్ములో కొరవడింది ఫాల్గుణంలో బూడిదైన ఆకే.

పట్టణాల్లోని సేద్యపు చెత్త గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ యంత్రాల మీదికి, టెండర్ల మీదికి మళ్లుతుంది. నెల్లూరును దగ్గరగా చూస్తే కొరత యంత్రాలది కాదని తెలుస్తుంది. పచ్చిది ఒకరి దగ్గర ఉంది, ఎండుది ఇంకొకరి దగ్గర ఉంది, పేడ మూడో మనిషి దగ్గర ఉంది. ఈ ముగ్గురి మధ్య దూరం చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. కాలాన్ని బట్టి చూస్తే మాత్రం ఆరు నుంచి ఎనిమిది నెలలు.

నెల్లూరు 2004లో నగరపాలక సంస్థ అయింది. బోర్డు మారినంత తేలిగ్గా గేదెలు ఊరు విడిచిపోలేదు. పాత పేటల సందుల్లో ఇప్పటికీ కొట్టాలున్నాయి. కొత్త లేఅవుట్ల ప్రహరీ గోడ దాటితే వరి మడి కనబడుతుంది. నగరం నడుమ నుంచే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ దిగువ పొలాలకు నీళ్లు తీసుకుపోతాయి. ఫతేఖాన్‌పేట రైతుబజారులో పొద్దున అమ్మకం ముగిసేసరికి క్యాబేజీ పై ఆకులు, కాలీఫ్లవరు కాడలు, నలిగిన కొత్తిమీర మిగులుతాయి. శివార్లలో రైస్ మిల్లులు, వాటి చుట్టూ ఊక గుట్టలు. ఇళ్ల మీద ఏడాదికేడాది పెరుగుతున్న సొరపాదులు, దొండ పందిళ్లు. ఇంత సేద్యం ఊరి లోపల పెట్టుకుని, అందులోంచి వచ్చేదాన్నంతా ఇంటి చెత్తతో కలిపి బండెక్కించి, ఊరి చెత్తంతా పోసే దొంతాలి వైపు పంపడం వింత. అక్కడ గుట్ట కింద గాలి ఆడక కుళ్లే ప్రతి ఆకూ మీథేను వదులుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు అది.

కుళ్లడానికీ ఒక లెక్క ఉంది. సూక్ష్మజీవులు తినడానికి కర్బనం, పెరగడానికి నత్రజని కావాలి. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు కుప్ప చక్కగా మాగుతుంది. కూరగాయల వ్యర్థాల్లో ఆ నిష్పత్తి 15 దరిదాపుల్లోనే ఉంటుంది, పేడలో 20 వరకు, వరిగడ్డిలో 80 వరకు, రంపపు పొట్టులో కొన్ని వందలు. పచ్చిదే వేస్తే మిగులు నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, ముక్కు పగిలేది అందుకే. ఎండుదే వేస్తే ఏడాదైనా కుప్ప కుప్పలాగే ఉంటుంది. తడి 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఇవన్నీ కుదిరితే కుప్ప నడిమి వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు ఆ వేడికే చస్తాయి. చేయి పెడితే చురుక్కుమనాలి. చల్లగా ఉంటే పని జరగడం లేదని అర్థం.

ఇంగ్లండు నుంచి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో ఈ లెక్కకు ఒక పద్ధతి కట్టి 1931లో లోకానికి చెప్పాడు. పల్లెల్లోని పెంటదిబ్బ మాత్రం అంతకుముందు నుంచే ఉంది. పశువు తినగా మిగిలిన గడ్డి కాళ్ల కింద పడి మూత్రంలో నానేది. దాన్ని పేడతో కలిపి ఎత్తి, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన ఆకు అలములతో సహా దిబ్బ మీద పోసేవారు. పచ్చి, ఎండు, పేడ మూడూ ఒకే పెరట్లో ఉండేవి కాబట్టి కలపడం అనేది వేరే పనిగా ఉండేది కాదు. ఊరు పట్టణమయ్యాక మొదట తెగింది ఆ ముడే. నెల్లూరు కొట్టంలో గేదె కాళ్ల కింద ఇప్పుడు సిమెంటు గచ్చు ఉంది. గడ్డి కొని తేవాలి కాబట్టి పరక కూడా మిగలనివ్వరు. పేడను పార్లతో ఒక పక్కకు నెట్టి, మిగిలినది పైపుతో కడిగేస్తారు. కడిగిన నీళ్లు డ్రైనులోకి, డ్రైను కాలువలోకి. వరిగడ్డి తిన్న గేదె పేడ మళ్లీ వరి మడి వైపే బయలుదేరుతుంది గానీ ఎరువుగా కాదు, పూడికగా. ఏటా సాగుకు ముందు ఆ పూడిక తీయడానికి వేరే ఖర్చు. అదే నీటిలో బలిసే గుర్రపుడెక్క తీయడానికి మరో ఖర్చు.

మాట కూడా ఇక్కడ కొంత చెడ్డపని చేసింది. చెత్తను వేరు చేయాలని నేర్పేటప్పుడు 'తడి చెత్త, పొడి చెత్త' అన్న జంట పదాలు జనం నోట స్థిరపడ్డాయి. వంటింటి వరకు అవి సరిగ్గా సరిపోతాయి. పెరట్లోకి వచ్చేసరికి తడబాటు మొదలవుతుంది. గలగలలాడే వేపాకు తడి చెత్త ఎలా అవుతుంది? ఇల్లాలు న్యాయంగానే దాన్ని పొడి చెత్త బుట్టలో, పాల ప్యాకెట్ల పక్కన వేస్తుంది. నిబంధనల ప్రకారం అది కుళ్లే చెత్త. పొడి బుట్టలో పడిన ఆకు అటు ప్లాస్టిక్ ఏరేవారికి అడ్డం, ఇటు కంపోస్టుకు దక్కదు. 'కుళ్లేది, కుళ్లనిది' అని మొదటే అనుంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

ఇక కాలం సంగతి. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మూడేసి రోజులు ముసురు. కంపోస్టు కుప్పకు ఎండుది అత్యవసరంగా కావలసిన కాలం అది. ఎండుది పుష్కలంగా దొరికే కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. అప్పుడే వేప రాలుతుంది, పెద్ద పంట కోతకు వస్తుంది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి మడిలోనే చెల్లాచెదురుగా పడుతోంది. కట్టలు కట్టే యంత్రం సమయానికి దొరకకపోతే అక్కడే నిప్పు పెట్టేవారూ ఉన్నారు. మండు వేసవిలో కుప్పలో ఎండుది కలపడం కంటే నీళ్లు చిలకరించడమే పెద్ద పని. అంటే దొరికినప్పుడు అక్కర లేదు, అక్కర ఉన్నప్పుడు దొరకదు. రైతుకు ఈ ఇబ్బంది కొత్త కాదు. దానికి ఆయన కనిపెట్టిన జవాబు గడ్డివామి. అడుగున కర్రలు పరిచి, నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా, వాన చుక్క లోపలికి దిగకుండా పేర్చి ఏడాదంతా వాడుకునేవాడు. కంపోస్టు గుంతలు, యంత్రాలు, బుట్టలు పట్టణంలోకి వచ్చాయి. వామి మాత్రం రాలేదు.

గేదెల కొట్టాలకు గోబర్ గ్యాసు పెట్టిస్తే సరిపోదా అన్న మాట తరచూ వినబడుతుంది. లెక్క నిజంగానే ఊరిస్తుంది. పది గేదెలు, తలకు రోజుకు 15 కిలోల పేడ, మొత్తం 150 కిలోలు. కిలోకు 40 లీటర్ల చొప్పున గ్యాసు 6 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు బయోగ్యాసు దాదాపు 450 గ్రాముల వంటగ్యాసుతో సమానం కాబట్టి రోజుకు రెండున్నర కిలోలు దాటుతుంది. ఐదారు రోజులకు ఒక 14.2 కిలోల సిలిండరు మిగిలినట్టే. పక్కనున్న టీ దుకాణానికో టిఫిను సెంటరుకో చాలినంత.

అయితే పేడకు సమానంగా నీళ్లు కలపాలి. 150 కిలోల పేడ లోపలికి పోతే గ్యాసు తీయగా మిగిలే జావ, అంటే స్లర్రీ, దాదాపు 300 లీటర్లు రోజూ బయటికి వస్తుంది. గ్యాసుగా మారి తగ్గే బరువు చాలా తక్కువ. నెలకు 9,000 లీటర్లు. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. పల్లెలో అది పక్క మడిలోకి పారుతుంది. సందులోని కొట్టానికి పక్క మడి లేదు, పక్క ఇల్లుంది. ఆ స్లర్రీని ట్యాంకరులో తోలాలంటే నీళ్లకు కిరాయి కట్టినట్టే. చివరికి అది కూడా డ్రైనులోకే చేరితే గ్యాసు ఒక్కటే లాభం, కాలువకు ఒరిగేది పెద్దగా లేదు. అదే స్లర్రీని ఎండాకు మీద పోస్తే ఆకు తన బరువును మించిన నీటిని పీల్చుకుంటుంది. పేడలోని నత్రజని, ఆకులోని కర్బనం అక్కడికక్కడే జత కలుస్తాయి. రెండు మూడు నెలల్లో చేతితో ఎత్తగలిగే ఎరువవుతుంది. గ్యాసు ప్లాంటు పక్కన ఆకుల కొట్టు లేకపోవడమే పట్టణాల్లో ఈ ఏర్పాటును దెబ్బతీసే విషయం. దాని ఊసు ప్లాంటు అంచనాల్లో సాధారణంగా ఉండదు.

2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లా పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాసు ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ అనే పొడుగాటి పశుగ్రాసపు గడ్డి పెంచి, దాని నుంచి గ్యాసు తీయడం అక్కడి ఆలోచన. మెట్ట ప్రాంతానికి ఉపాధి వస్తే మంచిదే. కానీ ఒకవైపు గ్యాసు కోసం గడ్డి నాటుతూ, మరోవైపు పట్టణాల్లో ఉన్న పేడను పైపుతో కడిగేస్తున్న కాలం ఇది.

మార్కెట్ చెత్త దగ్గరికి వస్తే, పెద్ద శత్రువు దారం. పూలమాలలు ఒకప్పుడు అరటినారతో కట్టేవారు, ఇప్పుడు చాలావరకు కుళ్లని దారమే. గుళ్లలో తీసిన నిర్మాల్యాన్నీ పూల దుకాణాల్లో మిగిలినదాన్నీ ముక్కలు చేసే యంత్రంలో వేస్తే ఆ దారం ఇరుసుకు చుట్టుకుంటుంది. కాసేపటికి యంత్రం మూలుగుతుంది, ఆపై ఆగుతుంది. బ్లేడుతో ఆ దారపు చుట్టను కోసి లాగడానికి ఒక మనిషి కూర్చోవాలి. ఆకుకూర కట్టలకు వేసే రబ్బరు బ్యాండ్లు, ఉల్లిగడ్డల ప్లాస్టిక్ వల సంచులు కూడా ఇదే కోవలోవి. అమ్మే చోటే దారం తెంచి ఇస్తే అరనిమిషం పని. యంత్రం దగ్గర తెంచాలంటే గంటలు పడుతుంది.

నిమ్మది వేరే గొడవ. గూడూరు, పొదలకూరు మార్కెట్ల వల్ల నెల్లూరు పేరు చెబితే నిమ్మకాయ గుర్తుకొస్తుంది. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా గిట్టక కాయలు గుట్టలుగా కుళ్లిపోతాయి. ఆ గుట్టను నేరుగా గ్యాసు ప్లాంటులో వేస్తే ప్లాంటు మొరాయిస్తుంది. తొక్కలో ఉండే లిమొనీన్ అనే నూనె మీథేను తయారుచేసే సూక్ష్మజీవులకు గిట్టదు. వానపాములు కూడా నిమ్మ ఉన్న వైపు రావు. పెద్ద కుప్పలో కొద్ది కొద్దిగా, ఎండాకు దండిగా కలిపి, బాగా వేడెక్కనిస్తే మాగుతుంది.

రైస్ మిల్లు ఊకను చూసి ఎండుదానికి కొదవేముందని అనిపించవచ్చు. ధాన్యం బరువులో ఐదో వంతు ఊకే. కానీ ఊక ఆకు లాంటిది కాదు. అందులో ఇసుకను పోలిన సిలికా ఎక్కువ కావడంతో ఏళ్లు గడిచినా సరిగా కుళ్లదు. కుప్పలో గాలి ఆడటానికి, కొట్టంలో పశువుల కింద పరవడానికి పనికొస్తుంది, అంతే. బాయిలరులో కాల్చగా మిగిలే బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. గాలికి లేచి కళ్లలో పడే ఈ బూడిద ఇటుకల తయారీకి, బంకమట్టిని గుల్ల చేయడానికి నప్పుతుంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల బురద సంగతి ఇంకోటి. ఉప్పున్న ఆ బురదను కంపోస్టులో కలపకూడదు, అంతవరకు చాలు.

ఒంగోలు వైపు వెళ్తే పొగాకు ఎదురవుతుంది. టంగుటూరు, కొండపి చుట్టుపక్కల వేలం కేంద్రాలున్న నేల అది. ఆకు తీశాక నిలబడిన కాడలు పొయ్యిల్లోకి పోతాయి, రాలిన ముక్క, పొడి చవగ్గా దొరుకుతాయి. పురుగు పట్టకుండా ఉంటుందని ఆ పొడిని మిద్దెతోటల్లో కుండీల మీద చల్లే అలవాటు కొందరికి ఉంది. నికోటిన్ పేనుబంకను చంపేమాట నిజమే. కానీ పొగాకుకు పట్టే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది, టమాటా, మిరప, వంగ పొగాకు మొక్కకు దగ్గరి చుట్టాలు. కుండీలో టమాటా ఆకులు మచ్చలు పడి ముడుచుకుపోతే చాలామంది పురుగుకు మందు కొడతారు. తెచ్చి చల్లిన పొడి మీద అనుమానం రాదు. పొగాకు వ్యర్థాన్ని ఎరువు చేయాలనుకుంటే అది టమాటా, వంగ, మిరప పెంచే కుండీల్లోకి పోకుండా చూసుకోవాలి. చెట్లకు వేసుకోవచ్చు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు మిద్దెతోటల్లో మంచి ఉదాహరణ కోకోపీట్. తమిళనాడులోని పొల్లాచ్చి వంటి చోట్ల కొబ్బరి పొట్టును ఇటుకల్లా అదిమి అమ్మితే, డబ్బు పెట్టి తెచ్చుకుని నీళ్లలో నానబెడతారు. ఆ ఇంటి మలుపులోనే కొబ్బరిబోండాల డొప్పలు గుట్ట పడి ఉంటాయి. పచ్చి డొప్పను చీల్చడానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి, పొట్టులోని కర్బనం పాళ్లు వంద దాటుతాయి కాబట్టి మాగడానికి నెలలు పడుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోరు. ఈలోపు డొప్పల్లో వాననీళ్లు నిలిచి డెంగీ దోమకు ఇల్లవుతుంది. మొక్క వేళ్లకు గాలి, తేమ ఇవ్వడమే కోకోపీట్ చేసే పని అయితే, ఏడాది మాగిన వేపాకు మన్ను దాదాపు అదే పని చేస్తుంది.

తయారైన కంపోస్టు ఎక్కడికి పోవాలన్నది అసలైన చిక్కుముడి. పట్టణ కంపోస్టును పల్లెకు పంపి రైతులకు అమ్మాలన్నది పాత కల. 2016లో కేంద్రం టన్నుకు 1,500 రూపాయల ప్రోత్సాహకం కూడా ప్రకటించింది. రైతు వైపు నుంచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. ప్రమాణాల ప్రకారం పట్టణ కంపోస్టులో నత్రజని కనీసం 0.8 శాతం ఉండాలి, అంటే టన్నుకు 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది, సబ్సిడీ ధర 270 రూపాయల లోపే. టన్ను కంపోస్టులోని నత్రజని సుమారు వంద రూపాయల యూరియాకు సమానం. టన్ను సరుకును పాతిక కిలోమీటర్లు తోలడానికే అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. పైగా అందులో గాజుముక్క ఒక్కటి కనబడితే రైతు మళ్లీ కొనడు. మడిలోకి వట్టి కాళ్లతో దిగేవాడికి ఆ భయం న్యాయమైనదే.

కంపోస్టు విలువ నత్రజనిలో కాదు, నేలను గుల్ల చేసి తేమ నిలిపే గుణంలో ఉంది. ఆ గుణానికి ఎక్కువ ధర పెట్టేవారు పట్టణంలోనే ఉన్నారు. మిద్దెతోటలో యాభై కుండీలుంటే, కుండీకి ఏడాదికి నాలుగు కిలోలు వేసినా 200 కిలోలు కావాలి. ఇలాంటి ఇళ్లు వీధికి రెండు మూడుంటే, పార్కులను, నర్సరీలను కలుపుకుంటే, వార్డులో తయారైనది వార్డు దాటనక్కర్లేదు. పట్టణ సాగు చెత్తకు దూరప్రయాణం మీద ఆధారపడే ఏ పథకమైనా డీజిలు ధర దగ్గర ఆగిపోతుంది.

నిబంధనల్లో లోటేమీ లేదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే తోట చెత్తను వేరుగా ఉంచాలని చెప్పాయి. వీధిలో కాల్చకూడదని, కూరగాయల, పూల మార్కెట్ల చెత్తను రోజూ సేకరించి వీలైనంతవరకు మార్కెట్ దగ్గరే కంపోస్టో గ్యాసో చేయాలని, పార్కుల చెత్తను పార్కుల్లోనే మాగబెట్టాలని కూడా చెప్పాయి. ఎండాకును ఎప్పుడు పోగుచేసి, ఎక్కడ దాచి, ఏ నెలలో తీయాలన్న వివరం చట్టం రాసేది కాదు, స్థానికంగా ఆలోచించుకోవలసింది. లెక్కలన్నీ టన్నుల్లో రాసేచోట ఎండాకు ఎవరి కంటికీ ఆనదు. బండి నిండుతుంది గానీ తూకం పెరగదు, అందుకే నిప్పు పెట్టడం అందరికీ తేలికైపోయింది.

ఒక వార్డుకు లెక్క కట్టి చూడవచ్చు. రోజుకు 100 కిలోల పచ్చి చెత్తను మాగబెట్టే చిన్న కేంద్రం ఉందనుకుందాం. వానాకాలపు 90 రోజులకు అది 9 టన్నులు. బరువులో మూడో వంతు ఎండాకు కలిపితే కర్బనం, నత్రజని పాళ్లు 30 దరిదాపులకు వస్తాయి. అంటే 3 టన్నుల ఆకు కావాలి. బాగా తొక్కి నింపితే ఘనపు మీటరుకు దాదాపు వంద కిలోలు పడుతుంది కాబట్టి 30 ఘనపు మీటర్లు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న రేకుల షెడ్డు ఒకటి, కారు నిలిపేంత చోటు. నేల నుంచి జానెడు ఎత్తున అరుగు, మూడు వైపులా గాలి ఆడే జాలీ, వాన జల్లు కొట్టే తూర్పు వైపు మాత్రం మూసిన గోడ. నిప్పు భయం ఉంటుంది కాబట్టి ఇళ్లకు ఆనించకుండా, నీటి కుళాయి దగ్గర.

ఆకు గోనెకు ఎనిమిది కిలోలు పట్టిందనుకుంటే 3 టన్నులకు 375 గోనెలు. ఊడ్చి నింపి తెచ్చినవారికి గోనెకు 20 రూపాయల చొప్పున ఇస్తే వార్డుకు ఏడాదికి 7,500 రూపాయలు. ఖాళీ గోనెలు మాఘం ముగిసేలోగా వారి చేతికి అందాలి. వేప ఎవరి కోసమూ ఆగదు.